నెలసరి నోటుబుక్కు: గర్భం నిలిచే రోజుల్ని మీకు మీరే గుర్తుపట్టడం ఎలా

కోనసీమలోనూ, భీమవరం, నరసాపురం వైపూ చాలామంది ఆడవాళ్ళకి నెలసరి వచ్చిన రోజు తిథితోనో పండగతోనో గుర్తుంటుంది. "నాగుల చవితి వెళ్ళిన మర్నాడు" అంటారు, "పోయిన ఏకాదశికి" అంటారు. ఆస్పత్రిలో ఆఖరి డేట్ ఎప్పుడమ్మా అని అడిగితే మాత్రం "పదో తారీఖు అనుకుంటానండి" అని ఆగిపోతారు. పిల్లలు కావాలనుకునేవాళ్ళకైనా, ఇప్పుడే వద్దనుకునేవాళ్ళకైనా తెలియాల్సింది ఒక్కటే: ఈ నెలలో గర్భం నిలిచే అవకాశం ఉన్న రోజులు ఏవి? ఒంట్లో కనిపించే గుర్తుల్ని బట్టి అది తెలుసుకోవచ్చు. అందుకు ఒక నోటుబుక్కు, ఒక పెన్ను, మెడికల్ షాపులో దొరికే డిజిటల్ థర్మామీటర్ ఉంటే చాలు.

మన రాష్ట్రంలో కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే అన్నట్టు ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. ఆపరేషన్ తప్పని నేను అనడం లేదు. కానీ పెళ్ళికీ ఆపరేషన్‌కీ మధ్య ఉన్న ఆ ఐదారేళ్ళలో ఒంట్లో నెల నెలా ఏం జరుగుతుందో ఏ ఆడపిల్లకీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. నాకు బాధ కలిగించేది అదే. ఈ మార్గదర్శి రాయడానికి కారణం కూడా అదే.

ముందు తెలియాల్సిన లెక్క

అండాశయం నుంచి నెలకోసారి ఒక అండం విడుదలవుతుంది. అది బతికేది 12 నుంచి 24 గంటలు. మగవారి వీర్యకణాలు మాత్రం అనువైన సమయంలో ఆడవారి ఒంట్లో 5 రోజుల దాకా బతకగలవు. అంటే అండం విడుదలైన రోజు, దానికి ముందు 5 రోజులు, మొత్తం 6 రోజులే గర్భం నిలిచే రోజులు. చిక్కల్లా ఆ 6 రోజులు ఎప్పుడొస్తాయన్నదే.

"పద్నాలుగో రోజున ఎగ్ రిలీజ్ అవుతుంది" అని అందరూ చెప్పేస్తారు. ఆ మాట 28 రోజులకి డేట్ వచ్చేవాళ్ళకే సరిపోతుంది. అసలు లెక్క వెనక నుంచి వెయ్యాలి. అండం విడుదలయ్యాక తర్వాతి నెలసరి సుమారు 14 రోజులకి వస్తుంది. ఒక్కొక్కరిలో ఇది 10 నుంచి 16 రోజుల దాకా ఉండొచ్చు గానీ, ఒకే మనిషిలో నెల నెలా పెద్దగా మారదు. మారేది ముందు భాగం. జ్వరం వచ్చినా, నిద్ర లేకపోయినా, ఇంట్లో టెన్షన్ ఉన్నా, బరువు బాగా తగ్గినా పెరిగినా అండం తయారవడం ఆలస్యమై ముందు భాగం సాగుతుంది. అందుకే 24 రోజులకి డేట్ వచ్చే అమ్మాయికి దాదాపు పదో రోజునే అండం విడుదలవుతుంది, 34 రోజులకి వచ్చే అమ్మాయికి దాదాపు ఇరవయ్యో రోజున అవుతుంది. ఇద్దరూ పద్నాలుగో రోజునే నమ్ముకుంటే ఇద్దరి లెక్కా తప్పుతుంది.

మొదటి అడుగు: ఒకటో రోజు ఏదో తేల్చుకోండి

ఎర్రగా, ప్యాడ్ పెట్టుకోవాల్సినంతగా రక్తం కనిపించిన రోజే ఒకటో రోజు. ముందు రోజు ఒకటి రెండు గోధుమరంగు చుక్కలు కనిపిస్తే అది లెక్కలోకి రాదు. చుక్కలని పక్కన రాసుకోండి.

మన ఇళ్ళల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. చాలామంది తలస్నానం చేసిన రోజు నుంచి లెక్కపెడతారు. అది నాలుగో రోజో ఐదో రోజో అవుతుంది. మొత్తం చూసుకోవాల్సింది 6 రోజుల వ్యవధి, అందులో 3-4 రోజుల తేడా మొదట్లోనే వస్తే ఇక ఆ లెక్కకి విలువ ఏముంటుంది?

తిథులతో గుర్తుపెట్టుకోవడంలోనూ ఇలాంటి ఇబ్బందే ఉంది. చాంద్రమాసం సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు. ఇంగ్లీషు నెలలు 28 నుంచి 31 దాకా మారుతుంటాయి. "ప్రతి నెలా దశమికే వస్తుంది" అనే ఆవిడకి 29 నుంచి 30 రోజుల చక్రం (ఒక నెలసరి నుంచి తర్వాతి నెలసరి దాకా గడువు) ఉన్నట్టు. "ప్రతి నెలా పదో తారీఖుకే" అనే ఆవిడకి 28 నుంచి 31. రెండూ కలిపి చెబితే ఎవరికీ అర్థం కాదు. గోడకి వేలాడే పంచాంగం క్యాలెండర్‌లో రెండూ ఉంటాయి కాబట్టి తిథి గుర్తుంటే దాని పక్కనున్న తారీఖు చూసి నోటుబుక్కులో తారీఖే రాయండి. ఉమ్మడి ఇంట్లో అందరి కళ్ళూ పడతాయనుకుంటే క్యాలెండర్ మీద ఏమీ రాయక్కర్లేదు, నోటుబుక్కు బీరువాలో పెట్టుకోండి.

రెండో అడుగు: ఆరు నెలల తారీఖులతో చిన్న తీసివేత

ఒక ఒకటో రోజు నుంచి తర్వాతి ఒకటో రోజుకి ముందు రోజు దాకా ఎన్ని రోజులో అదే చక్రం. కనీసం 6 చక్రాలు రాశాక అన్నిటికంటే చిన్నదాన్నీ పెద్దదాన్నీ చూడండి. చిన్నదానిలోంచి 18 తీసేస్తే గర్భం నిలిచే రోజులు మొదలయ్యే రోజు వస్తుంది. పెద్దదానిలోంచి 11 తీసేస్తే ఆఖరి రోజు వస్తుంది.

ఉదాహరణకి ఒకరి చక్రాలు 27, 30, 28, 26, 31, 29 అనుకుందాం. 26 లోంచి 18 పోతే 8. 31 లోంచి 11 పోతే 20. అంటే ఎనిమిదో రోజు నుంచి ఇరవయ్యో రోజు దాకా ఎప్పుడైనా గర్భం నిలవొచ్చు. ఇది 13 రోజులు, అసలు 6 రోజుల కంటే రెట్టింపు పైనే. ఆ ఆరు ఈ పదమూడులో ఎక్కడున్నాయో తారీఖులు చెప్పలేవు, అందుకే ఇంత వెడల్పు. 1920లలో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ అనే డాక్టర్లు అండం విడుదలని తర్వాతి నెలసరి నుంచి వెనక్కి లెక్కించాలని విడివిడిగా తేల్చిన దాని మీదే ఈ తీసివేత ఆధారపడింది.

చక్రాలన్నీ 26 నుంచి 32 రోజుల మధ్యే ఉన్నవాళ్ళకి ఇంకా సులువైన పద్ధతి ఉంది. 8 నుంచి 19 దాకా గర్భం నిలిచే రోజులనుకోవడమే. దీనికోసం 32 పూసల దండ కూడా తయారుచేశారు: ఎర్ర పూస ఒకటో రోజు, తర్వాత 6 ముదురు రంగు పూసలు, ఆ తర్వాత 12 తెల్ల పూసలు, మిగతావి మళ్ళీ ముదురు రంగు. రోజుకో పూస చొప్పున రబ్బరు రింగు జరుపుతారు. చదువు లేని ఆడవాళ్ళు కూడా వాడగలిగేలా ఆలోచించి చేసిన ఈ దండ నాకు చాలా నచ్చుతుంది. అయితే ఏడాదిలో రెండుసార్లు 26 కంటే తక్కువో 32 కంటే ఎక్కువో వచ్చినవాళ్ళకి ఇది పనికిరాదు.

మూడో అడుగు: జిగురు చూడటం

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. చెప్పుకోవడానికి మొహమాటపడేది కూడా దీని గురించే. తెల్లబట్ట అంటే జబ్బనే మన దగ్గర ఒక నమ్మకం. ప్రతి నెలా మధ్యలో జిగురుగా స్రావం కనిపించగానే భయపడి మాత్రలు మింగేవాళ్ళున్నారు. ఆ జిగురు గర్భాశయ ముఖద్వారం నుంచి వస్తుంది. అండం విడుదల దగ్గరపడుతోందని ఒళ్ళు చెప్పే మాట అది. వీర్యకణాలు లోపలికి వెళ్ళడానికీ, రోజుల తరబడి బతకడానికీ అదే ఆధారం.

నెలసరి ఆగాక కొన్ని రోజులు కింద పొడిగా ఉంటుంది. ఆ తర్వాత కొంచెం చిక్కగా, తెల్లగానో లేత పసుపుగానో, వేళ్ళ మధ్య పెడితే తెగిపోయే స్రావం మొదలవుతుంది. రోజులు గడిచేకొద్దీ పల్చబడి, పారదర్శకంగా మారి, పచ్చి కోడిగుడ్డు తెల్లసొనలా రెండు వేళ్ళ మధ్య తెగకుండా సాగుతుంది. నడుస్తున్నప్పుడు కింద జారుడుగా, తడిగా తెలుస్తుంది. అండం విడుదలయ్యాక ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ చిక్కబడి ఆగిపోతుంది.

చూడటం కష్టమేమీ కాదు. మూత్రానికి వెళ్ళినప్పుడు, ముందూ తర్వాతా, టిష్యూతోనో శుభ్రమైన వేలితోనో బయటి భాగాన్ని ఒకసారి తుడిచి చూడండి. లోపలికి వేలు పెట్టాల్సిన పనే లేదు. పడుకోబోయే ముందు ఆ రోజు కనిపించిన వాటిలో అన్నిటికంటే పల్చటి, సాగే రకం ఏదో అది నోటుబుక్కులో రాయండి. పొడి, చిక్కన, సాగేది, తడి అనే నాలుగు మాటలు చాలు. వేడికి, ఉక్కకి చెమటపట్టే మన వైపు వాతావరణంలో చెమట తడినీ దీన్నీ కలిపేసుకునే ప్రమాదం ఉంది. చెమటకి జారుడు ఉండదు, వేళ్ళ మధ్య సాగదు. ముందు రాత్రి కలిసి ఉంటే మర్నాడు పొద్దున్న వీర్యం కూడా జిగురులాగే అనిపిస్తుంది. ఆ రోజు గుర్తు తెలియలేదని రాసుకోండి.

సాగే, జారే జిగురు కనిపించిన ఆఖరి రోజుని శిఖర దినం అనుకుందాం. అది ఆఖరిదని ఆ రోజున తెలియదు, మర్నాడు జిగురు చిక్కబడ్డాకే తెలుస్తుంది. శిఖర దినానికి ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా అండం విడుదలవుతుంది. దీన్ని ఒక పద్ధతిగా 1950లలో ఆస్ట్రేలియాలో జాన్ బిల్లింగ్స్ మొదలుపెట్టారు, ఆయన భార్య ఈవ్‌లిన్‌తో కలిసి ఇద్దరు డాక్టర్లూ ప్రపంచమంతా నేర్పారు.

దురద, మంట, చెడు వాసన, పెరుగు తరకల్లా తెల్లటి ముద్దలు, ఆకుపచ్చ లేదా ముదురు పసుపు రంగు ఉంటే మాత్రం అది ఇన్ఫెక్షన్. ఈ లక్షణాలు ఏవి ఉన్నా డాక్టర్‌కి చూపించుకోండి.

నాలుగో అడుగు: పొద్దున్నే టెంపరేచర్

అండం విడుదలయ్యాక ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ వల్ల ఒంటి వేడి కొద్దిగా పెరిగి తర్వాతి నెలసరి దాకా అలాగే ఉంటుంది. ఆ పెరుగుదల సుమారు 0.4 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే చేత్తో ముట్టుకుంటే తెలిసేది కాదు. అందుకే థర్మామీటర్ కావాలి. డిగ్రీలో పదోవంతు చూపించేది సరిపోతుంది, వందోవంతు చూపిస్తే మరీ మంచిది.

రాత్రే మంచం పక్కన పెట్టుకోండి. కళ్ళాపి చల్లడానికి లేవకముందే, కాఫీ తాగకముందే, అసలు మంచం దిగకముందే నాలుక కింద పెట్టి బీప్ వచ్చేదాకా నోరు మూసుకుని ఉండాలి. అంతకు ముందు కనీసం 3 గంటల నిద్ర ఉండాలి. రోజూ దాదాపు ఒకే వేళకి చూడాలి. ధనుర్మాసంలో ముగ్గుల కోసం గంటన్నర ముందు లేచే ఇళ్ళల్లో ఆ నెల అంకెలు కొంచెం తక్కువగా కనిపిస్తాయి. లేచిన టైం కూడా పక్కనే రాస్తే గీత చూసేటప్పుడు కంగారు ఉండదు. రొయ్యల ప్లాంట్లలో వారానికో షిఫ్టు మారుతూ పనిచేసే అమ్మాయిలకి మాత్రం ఈ గుర్తు అంతగా నమ్మదగ్గది కాదు. వాళ్ళు జిగురు మీదే ఎక్కువ దృష్టి పెట్టాలి.

వరసగా 3 రోజుల టెంపరేచర్ అంతకు ముందు 6 రోజుల్లో ఉన్న గరిష్ఠం కంటే ఎక్కువగా ఉండి, ఆ మూడోది కనీసం 0.4 డిగ్రీలు పైన ఉంటే అండం విడుదలై పోయిందని అర్థం.

అయిదో అడుగు: రెండూ కలిపి చదవడం

ఒక నోటుబుక్కులో పేజీ ఇలా ఉందనుకోండి. 11 నుంచి 16 దాకా టెంపరేచర్లు: 97.2, 97.3, 97.1, 97.3, 97.2, 97.2. పదిహేడో రోజు 97.6, పద్ధెనిమిదిన 97.7, పంతొమ్మిదిన 97.8. జిగురు వరస చూస్తే పదో రోజు చిక్కన, పదమూడు నుంచి పదహారు దాకా సాగేది, పదిహేడున చిక్కన, తర్వాత పొడి.

శిఖర దినం పదహారు. దాని తర్వాత ఇంకో 3 రోజులు ఆగాలి, అవి పూర్తయ్యేది పంతొమ్మిది సాయంత్రం. టెంపరేచర్ వైపు చూస్తే పాత గరిష్ఠం 97.3, మూడో ఎత్తు 97.8, అదీ పంతొమ్మిదినే. రెండు గుర్తులూ ఒకే మాట చెప్పాయి కాబట్టి పంతొమ్మిదో రోజు సాయంత్రం నుంచి నెలసరి దాకా గర్భం నిలవని రోజులు. ఒక గుర్తు ముందు, ఇంకోటి తర్వాత వస్తే తర్వాత వచ్చినదాన్నే పట్టించుకోవాలి. నెలసరి రావాల్సిన రోజు దాటి, టెంపరేచర్ ఎత్తుగానే 18 రోజులు ఉందంటే గర్భం వచ్చి ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఆశా కార్యకర్త దగ్గర నిశ్చయ్ కిట్ అడిగి పరీక్ష చేసుకోండి.

పిల్లలు కావాలనుకునేవాళ్ళు

టెంపరేచర్ పెరిగాక ప్రయత్నించి లాభం లేదు, అప్పటికి అండం కాలం అయిపోతుంది. గర్భం నిలిచే అవకాశం బాగా ఉండేది అండం విడుదలకి ముందు రెండు రోజులూ, ఆ రోజూను. జిగురు సాగడం మొదలైనప్పటి నుంచి రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ కలిస్తే చాలు. సరి రాత్రుల్లో కలిస్తే మగపిల్లాడు, బేసి రాత్రుల్లో ఆడపిల్ల అనే మాట పూర్తిగా తప్పు. బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి వీర్యకణం. రోజుకీ దానికీ సంబంధం లేదు.

గల్ఫ్‌లో భర్త ఉన్న కుటుంబాలు మన డెల్టాలో తక్కువేమీ కాదు. ఏడాదికో రెండేళ్ళకో నెలా రెండు నెలలు సెలవు. ఆ కొద్ది రోజుల్లో గర్భం నిలవలేదని కోడలి మీద పడే మాటలు వింటే కడుపు తరుక్కుపోతుంది. సెలవుకి మూడు నాలుగు నెలల ముందే భార్య నోటుబుక్కు మొదలుపెడితే తన చక్రం ఎన్ని రోజులో తెలుస్తుంది. టికెట్ బుక్ చేసేముందు ఫోన్లో ఆ తారీఖులు చెప్పొచ్చు. అండం విడుదల దగ్గరపడిందని మూత్రంతో చెప్పే ఎల్‌హెచ్ కిట్ కూడా వాడుకోవచ్చు. మీ చక్రం రోజుల్లోంచి 17 తీసేసిన రోజు నుంచి రోజూ మూత్రంతో పరీక్షించాలి. ప్రెగ్నెన్సీ స్ట్రిప్‌లో లేత గీత వచ్చినా పాజిటివే, కానీ ఇక్కడ అలా కాదు. రెండో గీత మొదటి గీతంత ముదురుగా గానీ అంతకంటే ముదురుగా గానీ ఉంటేనే పాజిటివ్. ఆ తర్వాత సుమారు 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. పీసీఓడీ (అండాశయాల్లో నీటితిత్తుల సమస్య) ఉన్నవాళ్ళకి ఈ కిట్ తప్పుగా పాజిటివ్ చూపించొచ్చు.

ప్రయత్నం మొదలుపెట్టడానికి కనీసం నెల ముందే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోండి. పుట్టబోయే బిడ్డ వెన్నెముక, మెదడు లోపాలు తగ్గడానికి అది అవసరం.

ఇప్పుడే వద్దనుకునేవాళ్ళు

నెలసరి మొదలు నుంచి ఏది ముందొస్తే అక్కడి నుంచి జాగ్రత్త పడాలి: చిన్న చక్రంలోంచి 18 తీసేస్తే వచ్చిన రోజు గానీ, జిగురు మొదటిసారి కనిపించిన రోజు గానీ. అక్కడి నుంచి పై రెండు గుర్తులూ పూర్తయ్యేదాకా కలవకూడదు, లేదా నిరోధ్ వాడాలి. 8-19 రోజుల పద్ధతిని కచ్చితంగా పాటించినా ఏడాదిలో 100 మందిలో సుమారు 5 మందికి గర్భం వస్తుంది. మామూలుగా మనుషులు పాటించే తీరులో సుమారు 12 మందికి. జిగురూ టెంపరేచరూ రెండూ నేర్పించుకుని సరిగ్గా పాటించినవాళ్ళలో ఇది 100కి ఒకరి కంటే తక్కువ. తేడా అంతా క్రమశిక్షణలో ఉంది. అది ఆడమనిషి ఒక్కతే మోసే బరువు కాదు. "ఏమండీ, ఈ వారం కుదరదు" అని భార్య చెప్పినప్పుడు ఒప్పుకునే భర్త ఉంటేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. ఆ పేజీ చదవడం అతనికీ నేర్పండి. అతను వినే మనిషి కాకపోతే దీన్ని నమ్ముకోకండి. పీహెచ్‌సీలో కాపర్-టీ, అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు ఉచితంగా ఇస్తారు. గుండెజబ్బు లాంటివి ఉండి గర్భం వస్తే ప్రాణానికి ప్రమాదం అన్నవాళ్ళకీ, సిజేరియన్ అయి ఇంకా రెండేళ్ళు కానివాళ్ళకీ అవే మంచివి. సుఖవ్యాధుల నుంచి ఈ లెక్కలు ఏ రక్షణా ఇవ్వవు.

ఈ రోజు గర్భం నిలవదని ఫోన్ యాప్ ఆకుపచ్చ రంగు చూపించిందని ధైర్యపడొద్దు. తారీఖు ఒక్కటే ఇస్తే అది పాత నెలల సగటుతో వేసే అంచనా మాత్రమే.

పురుడు తర్వాత

పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ ఈ ప్రశ్న రాదు. అత్తారింటికి తిరిగి వెళ్ళేటప్పుడు వస్తుంది. "నెలసరి రాలేదుగా, ఏం కాదులే" అన్న మాట నమ్మి వెంటనే రెండో గర్భం వచ్చినవాళ్ళున్నారు. మొదటి నెలసరి కంటే ముందే అండం విడుదల కావొచ్చు కాబట్టి ఇలా జరుగుతుంది. బిడ్డకి 6 నెలలు నిండకుండా ఉండాలి, రాత్రీ పగలూ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకుండా ఉండాలి, నెలసరి రాకుండా ఉండాలి. ఈ మూడూ ఉంటే 100కి 98 మందికి రక్షణ ఉంటుంది. ఉగ్గు, తేనె, పోతపాలు, మంచినీళ్ళు పట్టడం మొదలైతే రెండో షరతు తప్పినట్టే. (ఏడాది లోపు బిడ్డకి తేనె ఎలాగూ మంచిది కాదు.) అన్నప్రాశన నాటికి వేరే పద్ధతి ఏదో ఒకటి ఎంచుకుని ఉండాలి.

లెక్క చెడగొట్టేవి

పెళ్ళికో వ్రతానికో నెలసరి వాయిదా మాత్రలు వేసుకుంటే ఆ చక్రాన్ని కొట్టేయండి, చిన్నా పెద్దా లెక్కల్లో కలపకండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, ఈ మాత్రలు వేసుకోవాలనుకునేవాళ్ళు ఆ రెండు నెలల నోటుబుక్కుని నమ్ముకోకూడదు. డెంగీ, చికున్‌గున్యా జ్వరాలొచ్చిన రోజుల టెంపరేచర్లు కూడా అంతే. గర్భనిరోధక మాత్రలు మానేసిన మొదటి మూడు చక్రాలూ, నలభై దాటాక డేట్లు అటూ ఇటూ అయ్యే కాలమూ ఈ పద్ధతికి అనువైనవి కావు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు

చక్రాలు ఎప్పుడూ 21 రోజుల కంటే తక్కువో 35 కంటే ఎక్కువో ఉంటే, మూడు నెలల పాటు నెలసరి రాకపోతే, నెలసరికీ నెలసరికీ మధ్య రక్తం కనిపిస్తే, మూడు చక్రాలు వరసగా రాసినా టెంపరేచర్ ఎక్కడా పెరగకపోతే చూపించుకోవాలి. థైరాయిడ్, పీసీఓడీ, రక్తహీనత లాంటివి పరీక్షిస్తారు. 35 ఏళ్ళ లోపు వయసుండి ఏడాది ప్రయత్నించినా, 35 దాటి 6 నెలలు ప్రయత్నించినా గర్భం నిలవకపోతే ఇద్దరూ కలిసి వెళ్ళండి. పిల్లలు లేని జంటల్లో దగ్గర దగ్గర సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. వీర్య పరీక్ష తేలిక, నొప్పి ఉండదు, ఖర్చూ తక్కువే. భార్యకి వరస స్కానింగులు మొదలుపెట్టేలోపే అది చేయించాలి. వెళ్ళేటప్పుడు నోటుబుక్కు తీసుకెళ్ళి, ఆఖరి మూడు చక్రాల పేజీలు డాక్టర్ ముందు పెట్టండి.